విండోస్ 10 మీదే ఉండాలా, 11కి మారాలా, లినక్స్ వైపు చూడాలా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. అప్పటినుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా ఒకటే ప్రశ్న. "స్క్రీన్ నిండా ఏదో నోటీసు వస్తోంది. నొక్కమంటారా, వద్దంటారా?" చిన్న ఆఫీసుల్లో, ఇళ్లలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పాలని చాలాసార్లు చూశాను, కుదరలేదు. అడిగే మనిషి ఆ కంప్యూటర్‌తో రోజూ ఏం చేస్తున్నాడో తెలుసుకోకుండా చెప్పిన జవాబు ఏదో ఒక చోట బెడిసికొడుతోంది.

ఇప్పటికే మారినవాళ్ల మాటలు వింటే అయోమయం ఇంకా పెరుగుతుంది. ఒకాయన "పాతదే వెయ్యి రెట్లు నయం" అంటాడు. ఇంకొక అమ్మాయి "ఏముందండీ, రెండు రోజుల్లో అలవాటైపోయింది" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయన ఇరవై ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో పెళ్లి శుభలేఖలు కంపోజ్ చేస్తున్న డీటీపీ ఆపరేటర్. ఆ అమ్మాయి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది, బ్రౌజర్ తప్ప ఇంకేమీ తెరవదు. ఒకరి అనుభవం వినేటప్పుడు వాళ్ల పనీ మన పనీ ఒకటేనా అని ముందు చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

అసలు ఆగిందేమిటి

కంప్యూటరే ఆగిపోతుందేమోనని భయపడుతున్నవాళ్లు ఉన్నారు. ఆగదు. విండోస్ 10 ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింటర్ నడుస్తుంది. ఆగింది నెలనెలా వచ్చే భద్రతా మరమ్మతులు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఇందులో ఒక మెలిక ఉంది. విండోస్ 10, 11 లోపలి భాగాలు చాలావరకు ఒకటే. 11లో ఒక లోపాన్ని సరిచేస్తూ అప్‌డేట్ వదిలినప్పుడు, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఏది మారిందో చూస్తే ఆ లోపం ఎక్కడుందో నేరగాళ్లకు తెలిసిపోతుంది. అదే లోపం మరమ్మతు అందని విండోస్ 10లో అలాగే తెరుచుకుని ఉంటుంది. అందుకే నెలలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతూ పోతుంది.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. దానికి అడ్డుకట్ట వేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. "నా కంప్యూటర్‌లో ఏముంది దోచుకోవడానికి" అనేవాళ్లకు నేను దీన్నే గుర్తుచేస్తాను. ఆ వైరస్ ఎవరి దగ్గర ఏముందో చూడలేదు, తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోకీ వెళ్లింది.

అలాగని రాత్రికి రాత్రే కొంప మునగదు. విండోస్ 10తోనే వచ్చే వైరస్ రక్షణ ప్రోగ్రామ్ డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల జాబితాలు 2028 అక్టోబర్ వరకు అందుతాయని కంపెనీ చెప్పింది. విండోస్ 7కి 2020 జనవరిలో మద్దతు ఆగినా క్రోమ్ బ్రౌజర్ కొత్త వెర్షన్లు 2023 మొదటిదాకా దాని మీద వచ్చాయి. నిదానంగా ఆలోచించుకునే సమయం ఉంది. ఒక్క విషయం మాత్రం చాలామంది గమనించలేదు. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 లకు కూడా అదే అక్టోబర్ 14న మద్దతు ముగిసింది.

11 మీద ఫిర్యాదుల్లో ఏవి పట్టించుకోవాలి

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్ 5న. అప్పటి తిట్లలో కొన్ని ఇప్పుడు వర్తించవు, అయినా నోటి నుంచి నోటికి అలాగే నడుస్తున్నాయి. నేను వీటిని మూడు రకాలుగా విడదీసి చూస్తాను.

మొదటి రకం అలవాటు తప్పినందువల్ల వచ్చేవి. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లే కనిపిస్తాయి, మిగతావాటికి ఇంకోసారి నొక్కాలి. టాస్క్‌బార్‌లో ఒకే ప్రోగ్రామ్ కిటికీలన్నీ ఒక బొమ్మలో కుక్కేస్తారు, పేర్లు కనబడవు. మా బాబాయి రిటైర్డ్ టీచర్. అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి "స్టార్ట్ ఏదిరా, నడిమధ్యకి పోయి కూర్చుంది" అన్నాడు. సెట్టింగ్స్‌లో ఎడమవైపుకి జరిపాను, ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. రైట్ క్లిక్ చేసేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే పాత మెనూ పూర్తిగా వస్తుంది. టాస్క్‌బార్‌లో కిటికీల పేర్లు విడివిడిగా చూపించే సౌకర్యాన్ని 2023లో తిరిగి ఇచ్చారు. 2025 చివర్లో స్టార్ట్ మెనూనే మార్చారు: ప్రోగ్రామ్‌లన్నీ ఒకే పేజీలో వస్తాయి, ఎవరికీ అక్కర్లేని 'సిఫార్సులు' భాగాన్ని దాచేయొచ్చు. ఈ రకం ఫిర్యాదుల కోసం మారడం మానుకోవద్దు. టాస్క్‌బార్‌ని స్క్రీన్ పైకో పక్కకో పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. ఆ వీలును 2021లో తీసేసి ఏళ్లపాటు తిరిగి ఇవ్వలేదు. నిలువుగా పొడవైన కాగితాల మీద పనిచేసేవాళ్లకు అది చిన్న నష్టం కాదు.

రెండో రకం ఇంకా లోతైనది. ఈ కంప్యూటర్ ఎవరిది అన్న ప్రశ్న అది. కొత్తగా సెట్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండి తీరాలంటారు. మొదట హోమ్ ఎడిషన్‌కే ఉన్న ఈ షరతును 2022లో సొంతానికి వాడుకునే ప్రో ఎడిషన్‌కి కూడా పెట్టారు. 2024 ఏప్రిల్‌లో స్టార్ట్ మెనూలో యాప్‌ల ప్రకటనలు దూర్చారు. అన్నిటికంటే ఎక్కువగా మనవాళ్లను బెంబేలెత్తించేది వన్‌డ్రైవ్, అంటే ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ. ఎక్కడో ఒక 'సరే' నొక్కుతారు, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి చేరతాయి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోయి స్థలం లేదన్న హెచ్చరికలు మొదలవుతాయి. అక్కడితో కంగారుపడి వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తీసేస్తారు, కంప్యూటర్‌లోనూ పోతాయి. మనవరాలి బారసాల ఫొటోలు ఇలా పోగొట్టుకుని ఏడ్చిన ఒకావిడకు రీసైకిల్ బిన్‌లో నుంచి వాటిని తీసిచ్చాను. ఈ రకం ఫిర్యాదుల్లో నేను పూర్తిగా వినియోగదారుల పక్షమే. సొంత డబ్బుతో కొన్న కంప్యూటర్‌లో ఏది ఎక్కడ దాచుకోవాలో సొంతదారే చెప్పాలి. సెట్టింగ్స్‌లో ప్రకటనలు ఆపేయొచ్చు, వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపేయొచ్చు. మీకు చేతకాకపోతే మొదటిరోజే తెలిసినవాళ్లను పిలిచి ఆపించుకోండి.

రీకాల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్క్రీన్‌ని మాటిమాటికీ ఫొటో తీసి దాచిపెట్టే ఈ ఫీచర్‌ని 2024 మేలో ప్రకటించగానే భద్రతా పరిశోధకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కంపెనీ వెనక్కి తగ్గింది, మనం ఆన్ చేస్తేనే పనిచేసేలా మార్చి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. అది కూడా కోపైలట్ ప్లస్ అని అమ్మే కొత్త రకం కంప్యూటర్లలోనే ఉంటుంది. మీ పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేస్తే రీకాల్ రాదు. దీనికి భయపడి ఆగిపోయినవాళ్లు ఆ భయం వదిలేయొచ్చు.

మూడో రకం పని ఆపేసే ఫిర్యాదులు. వీటినే నేను అన్నిటికంటే ముందు వింటాను. విండోస్ 11కి పాత తరహా 32 బిట్ ఎడిషన్ లేదు, 64 బిట్‌దే ఉంది. మీ దగ్గర ఇప్పటికీ 32 బిట్ విండోస్ 10 ఉంటే నేరుగా అప్‌గ్రేడ్ కాదు, అంతా తుడిచి కొత్తగా వేయాలి. 32 బిట్ డ్రైవర్‌తో (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో) నడిచే పాత ప్రింటర్లు, స్కానర్లు 64 బిట్ డ్రైవర్ దొరక్కపోతే మూలన పడతాయి. మరీ పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లు, వాటి ఇన్‌స్టాలర్లు అసలు నడవవు. అప్‌డేట్లలోనే తప్పులు దొర్లిన సందర్భాలూ ఉన్నాయి. 2025 అక్టోబర్ అప్‌డేట్ తర్వాత విండోస్ 11లో రికవరీ స్క్రీన్‌లోకి వెళ్తే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. కంప్యూటర్ పాడైనప్పుడే కదా ఆ స్క్రీన్ కావాలి! కొద్దిరోజుల్లోనే ప్రత్యేక అప్‌డేట్‌తో సరిచేశారు. ఇది 11కే పరిమితం అనుకోకండి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10కి ఇచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది, విడుదలైన కొద్దిరోజులకే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌ను వచ్చిన రోజే వేసుకోవద్దని చెబుతాను. మూడు నాలుగు వారాలు ఆగండి. నెలవారీ భద్రతా అప్‌డేట్‌కి మాత్రం వారానికి మించి ఆగొద్దు.

మంచి సంగతులు లేవా అంటే ఉన్నాయి. రెండు మూడు కిటికీలను స్క్రీన్ మీద చక్కగా సర్దిపెట్టే స్నాప్ లేఅవుట్లు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్‌లు రోజూ పనికొస్తాయి. మనకు బాగా నచ్చేది తెలుగు వాయిస్ టైపింగ్. ఇంటర్నెట్ ఉంటే విండోస్ బటన్‌తో పాటు 'హెచ్' నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి. టైపింగ్ రాని మా బాబాయి ఇప్పుడు బంధువులకు ఉత్తరాలు అలాగే రాస్తున్నాడు.

మీ మెషీన్ ఒప్పుకుంటుందా

ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్, లేదా వాటి తర్వాతివి కావాలి. దాంతోపాటు టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే ఆన్ కానిచ్చే రక్షణ) కావాలి. తరం తెలుసుకోవడం తేలిక. ఐ5-6300యూ అని ఉంటే గీత తర్వాతి మొదటి అంకె 6, అంటే ఆరో తరం, పనికిరాదు. ఐ5-8250యూ అయితే ఎనిమిదో తరం, సరిపోతుంది. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలు చూడాలి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ మొత్తం చూసి చెబుతుంది.

అది "కుదరదు" అంటే వెంటనే నిరాశపడకండి. ప్రాసెసర్ సరైనదే అయినా టీపీఎం బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే లోపలి సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉండటం నేను చాలా చూశాను. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. బయోస్ ముట్టుకునే ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. 48 అంకెలు. అది లేకుండా బయోస్ మార్చి, తర్వాత కంప్యూటర్ కీ అడిగితే డేటా తిరిగి రావడం కష్టం.

రూఫస్ లాంటి టూల్‌తో ఈ పరీక్షలన్నీ దాటించి పాత కంప్యూటర్‌లో 11 వేయొచ్చు. వేస్తే నడుస్తుంది. కానీ అలాంటి కంప్యూటర్‌కి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మళ్లీ చేత్తోనే వేసుకోవాలి. సొంతంగా ప్రయోగాలు చేసేవాళ్లు చేసుకోవచ్చు. ఆఫీసు లెక్కలున్న కంప్యూటర్‌కి నేను చేయను. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇక్కడే మోసపోతున్నారు. ఆరు, ఏడో తరం మెషీన్లలో ఇలా 11 వేసి "లేటెస్ట్ విండోస్" అని అమ్ముతున్నారు. స్క్రీన్ మీద ఏది కనిపిస్తోందో చూసి సరిపెట్టుకోకుండా ప్రాసెసర్ నంబరు అడగండి.

ర్యామ్ కనీసం 4 జీబీ అని కంపెనీ అంటుంది. నా అనుభవంలో 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ లేకుండా 11 వేస్తే రోజూ తిట్టుకుంటూ కూర్చోవాలి. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ముందు ఆ ఖర్చు ఎంతవుతుందో కనుక్కుని నిర్ణయించుకోండి.

ఒక ఏడాది వాయిదా

మెషీన్ 11కి పనికిరాదు, కొత్తది కొనే డబ్బు ఇప్పుడు లేదు అనేవాళ్లకు ఈఎస్‌యూ, అంటే పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉన్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు ముఖ్యమైన భద్రతా అప్‌డేట్లు ఇస్తారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్‌ని బ్యాకప్ చేసుకుంటే ఉచితం. లేదంటే 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఒక ఖాతా మీద 10 కంప్యూటర్ల వరకు నమోదు చేయొచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ ఖాతా ఇష్టంలేకే 11కి దూరంగా ఉన్నవాళ్లకు ఇక్కడా ఆ ఖాతాయే అడుగుతారు, అది చేదు నిజం. అయినా అప్‌డేట్లు లేని విండోస్ 10తో ఆన్‌లైన్ బ్యాంకింగ్ చేయడం కంటే ఇది ఎంతో మేలు. ఇంకా నమోదు కానివాళ్లు ముందు ఈ పని చేసుకుని, ఆ తర్వాత తీరిగ్గా మిగతాది ఆలోచించండి.

లినక్స్ ఎవరికి

ఆరో తరం, ఏడో తరం కంప్యూటర్లు పారేయాల్సిన సరుకు కాదు. విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వాటికి చక్కగా సరిపోతుంది. 2024లో వచ్చిన మింట్ 22 వెర్షన్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. చూడటానికి పాత విండోస్‌లాగే ఎడమవైపు కింద మెనూ ఉంటుంది. నేను మా మేనకోడలి పాత ల్యాప్‌టాప్‌లో వేసిచ్చాను. బ్రౌజర్, పాఠాల వీడియోలు, లిబ్రే ఆఫీస్‌లో ప్రాజెక్టు రిపోర్టు, అన్నీ దాని మీదే నడిపింది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ మూడూ అప్పుడే సరిచూసుకోండి.

తెలుగు టైపింగ్ గురించి బెంగ అక్కర్లేదు. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టడానికీ వీలుంటుంది. తెలుగు అక్షరాలు బ్రౌజర్‌లో, ఆఫీస్‌లో శుభ్రంగా కనిపిస్తాయి.

ట్యాలీ వాడేవాళ్లు ఈ వైపు రావద్దు, అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. డిజిటల్ సంతకం టోకెన్‌తో జీఎస్‌టీ, టెండర్ల పని చేసేవాళ్లకూ వద్దనే చెబుతాను. టోకెన్‌ని లినక్స్‌లో పనిచేయించడానికి పడే తిప్పలు ఒక చిన్న ఆఫీసు భరించలేదు. పూర్తిగా బ్రౌజర్‌తోనే సరిపోయేవాళ్లకు గూగుల్ వాళ్ల క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఒక దారి, అయితే అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు రావు.

డీటీపీ షాపుల సంగతి

మొదట్లో చెప్పిన డీటీపీ ఆపరేటర్ కోపం వెనక పెద్ద కారణమే ఉంది. మన ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ 7తో నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ పెద్ద వెర్షన్ ఏదీ తేలేదు. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి అది, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల ఫైళ్లు అలా ఉంటే అప్‌గ్రేడ్ అన్న మాటకే గుండె జారుతుంది.

వీళ్లకు నా సలహా రెండు కంప్యూటర్లు. పాతదాన్ని ముట్టుకోవద్దు, ఇంటర్నెట్ మాత్రం పూర్తిగా తీసేయండి. పేజ్‌మేకర్, అను, పాత ప్రింటర్ అందులోనే ఉండనివ్వండి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, మెయిళ్లు, డబ్బు లావాదేవీలు ఇంకో కంప్యూటర్‌లో, 11 మీద గానీ మింట్ మీద గానీ చేసుకోండి. రెండింటి మధ్య ఒకే పెన్‌డ్రైవ్ తిరగాలి, కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ పాతదానికి పెట్టకూడదు. వాన్నక్రై లాంటిది వచ్చినా నెట్‌వర్క్‌లో లేని కంప్యూటర్‌ని నేరుగా అంటుకోలేదు. ఈ ఏర్పాటు ఉండగానే కొత్త పనులు యూనికోడ్‌లో, ఇన్‌డిజైన్ లాంటి వాటిలో మొదలుపెడితే, పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయిన రోజున షాపు మూతపడదు.

మారే ముందు

ఏ దారి పట్టినా ముందు ఫైళ్లు రెండు చోట్ల పెట్టుకోండి, ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో. ట్యాలీ డేటా ఫోల్డర్, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ కీలు విడిగా రాసిపెట్టుకోండి, ఇవే చివర్లో గుర్తొస్తాయి.

10 నుంచి 11కి అప్‌గ్రేడ్ చేశాక 10 రోజుల లోపు వెనక్కి వెళ్లే వీలుంది, రికవరీ పేజీలో 'గో బ్యాక్' ఉంటుంది. ఆ తర్వాత పాత విండోస్ చెరిగిపోతుంది. కాబట్టి మొదటి వారంలోనే ప్రింటర్, స్కానర్, డిజిటల్ టోకెన్, ట్యాలీ, తెలుగు కీబోర్డు అన్నీ ఒక్కసారైనా నడిపి చూడండి. వ్యాపారం చేసేవాళ్లు అప్‌గ్రేడ్ తేదీని జీఎస్‌టీ రిటర్నుల తర్వాతే పెట్టుకోండి. నెలలో 21వ తేదీ సాయంత్రం మొదలుపెడితే ఏది తేడా వచ్చినా సరిచేసుకోవడానికి చేతిలో రోజులుంటాయి.